శాశ్వతం అంటే అయిదేళ్లు

తాత్కాలికం అనే మాటకి అర్థం గుంటూరు జిల్లావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెలగపూడిలో 2016లో కట్టిన తాత్కాలిక సచివాలయంలో ఏళ్లు గడిచినా ఫైళ్లు కదులుతూ వచ్చాయి (కదిలేవి కదిలాయి లెండి). శాశ్వతం అనే మాటకి అర్థం తెలియాలంటే మాత్రం కంప్యూటర్ షాపుకి వెళ్లాల్సిందే. అదే 2016 అంకె పేరులో పెట్టుకుని, డబ్బంతా ఒకేసారి కట్టించుకుని, ఇక జన్మంతా నీదే అన్నట్టు చేతిలో పెట్టిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే సాఫ్ట్‌వేర్ లెండి) భద్రత పూచీకి 2025 అక్టోబర్ 14తో కంపెనీ నీళ్లొదిలేసింది. దాని తర్వాత పుట్టిన 2019కీ అదే రోజు. అన్నదమ్ములిద్దరికీ ఒకే ముహూర్తం.

ఇంత గంభీరమైన విషయంలోకి నేను దిగడానికి కారణం మా బాబాయి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, చుట్టుగుంట దగ్గర ఆఫీసు, మూడు కంప్యూటర్లు, ఇద్దరు గుమాస్తాలు. ఒకేసారి కొనేదీ కాదు, నెలనెలా కట్టేదీ కాదు, ఇన్నేళ్లూ ఆయన మూడో రకం లైసెన్సు మీద నెట్టుకొచ్చాడు. ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చి, యాంటీవైరస్‌ని కాసేపు నిద్రపుచ్చి, అయిదొందలు తీసుకుని వేసిపోయే రకం. మొన్న సీజన్లో, ఎదురుగా ఎగుమతి పార్టీ కూర్చుని టీ తాగుతుండగా, ఇది అసలు సరుకు కాదు అని తెర మీద పడింది. మిర్చిలో తాలు కలిపాడన్నా ఊరుకునే మనిషి కాదు, దీనికి మాత్రం నోరు మెదపలేకపోయాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి నన్ను ఆఫీసుకి పిలిపించాడు.

"నెలనెలా కట్టేదంట, ఒకేసారి కొనేదంట. ఏంట్రా తేడా?"

నెలనెలా కట్టేదాన్ని చందా అంటారని చెప్పాను. మా వీధి వినాయకుడి కుర్రాళ్లు వసూలు చేసేదీ చందానే. కాకపోతే వాళ్లు ఏడాదికోసారి వస్తారు, ప్రసాదం పెడతారు, ఇవ్వకపోతే మొహం మాడ్చుకుని పోతారు తప్ప మన బీరువాకి తాళం వెయ్యరు. ఇక్కడ కట్టడం ఆపితే కొన్నాళ్లు ఓపిక పడతారు, ఆ తర్వాత ఫైలు తెరుచుకుంటుంది, ప్రింటూ వస్తుంది, అందులో ఒక్క అక్షరం మాత్రం మార్చనివ్వరు.

"కోల్డ్ స్టోరేజీ అని చెప్పవేం," అన్నాడు బాబాయి. "సరుకు మనదే, తాళం వాడిది. అద్దె కడితేనే టిక్కీ (మిర్చి బస్తా) బయటికొస్తది."

ఇంత చక్కగా చెప్పిన సాఫ్ట్‌వేర్ నిపుణుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అంతలో ఆయనకే అనుమానం వచ్చింది. "కోల్డ్ స్టోరేజీలో పెడితే రేటు పెరుగుద్దని ఆశ ఉంటది. ఇందులో ఏం పెరుగుద్ది?"

"అద్దె, బాబాయ్." 2022 మార్చిలో వ్యాపారాల ప్లాన్లకి పెంచిన సంగతి కూడా చెప్పాను.

అయితే కొనేద్దాం అన్నాడు. కౌలు రైతు బతుకు మనకెందుకు, పట్టా మన పేరునే ఉండాలి అన్నాడు. ఆ పట్టా ఒక్క కంప్యూటర్‌కే, కొత్త వెర్షన్ కావాలంటే మళ్లీ మొదటినుంచీ కొనాలి అని నేను చెప్తుంటే ఆడిటర్ గారు ఫోన్లోంచి ఇంకో మాట వేశారు. కొన్న సాఫ్ట్‌వేర్ ఆస్తి కింద చూపించాలట, దానికి ఆదాయపు పన్ను లెక్కల్లో ఏటా 40 శాతం తరుగుదలట. శాశ్వతమైన వస్తువు ఏడాదికి 40 శాతం అరిగిపోతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది చూడండి.

మధ్యలో పాపం నేను అదే పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ మాట ఎత్తాను. 2010లో ఓపెన్ ఆఫీస్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి వేరుపడింది, పైసా ఖర్చులేదు, చట్టబద్ధం, ఎన్ని కంప్యూటర్లకైనా వేసుకోవచ్చు. బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. "ఊరికే ఇస్తన్నారంటే ఏదో ఉంటది." పెన్‌డ్రైవ్ కుర్రాడి మీద ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాని అనుమానం ఇది.

అసలు చూడాల్సింది ఎవరు ఏం చేస్తున్నారని. పెద్ద గుమాస్తా కుర్చీలోంచి కదలడు. ఆఫీస్‌లో లెక్కల పట్టికలు వేసే ఎక్సెల్‌లో 10,48,576 వరసలుంటే ఆయన వాడేది నాలుగొందలు, అదీ కూడిక కాలిక్యులేటర్‌లో చేసి కింద టైపు చేస్తాడు, ఎందుకయ్యా అంటే "మిషన్‌ని నమ్మకూడదు బాబూ" అంటాడు. ఈయనకి నెలనెలా కొత్త సదుపాయాలు కొనిపెట్టడమంటే పళ్లు లేనాయనకి చెరుకుగడ చందా కట్టడమే. చిన్న గుమాస్తా సంగతి వేరు. పొద్దున్నే యార్డులో టిక్కీల మధ్య నిలబడి ఫోన్లోనే కాటాల లెక్క ఎక్కిస్తాడు, ఆఫీసుకొచ్చి కంప్యూటర్‌లో సరిచూస్తాడు. ఆడిటర్ పంపే ఫైల్లో ఎక్స్‌లుకప్ (పట్టికలోంచి కావాల్సిన అంకె వెతికి తెచ్చే సూత్రం) ఉంటుంది, అది ఆఫీస్ 2019లో కూడా లేదు, పాత ఎక్సెల్‌లో ఆ గడి ముట్టుకుంటే తప్పు చూపిస్తుంది. చందా కడితే ఆ ఒక్క మనిషే అయిదు కంప్యూటర్లలో, అయిదు ఫోన్లలో వేసుకోవచ్చు. పైగా ఆన్‌లైన్‌లో ఒక టెరాబైట్ (దాదాపు వెయ్యి జీబీల) చోటు. బాబాయి వ్యాపారం పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్కలన్నీ తాళాలగుత్తికి వేలాడే 4 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగం కూడా నిండలేదనుకోండి.

సీజన్ అయ్యాక మిగతా నెలలు చందా ఆపేద్దాం అని బేరం మొదలుపెట్టాడు. ఆపొచ్చు, నెలవారీ ఒప్పందమైతే. కానీ దాని ధర ఏడాది ఒప్పందం కంటే ఎక్కువ. "వీళ్లు మన యార్డులో పెరిగినోళ్లలా ఉన్నార్రా," అన్నాడు, మొదటిసారి కాస్త గౌరవంగా.

చివరికి పెద్దాయన మిషన్‌కి కొన్న ఆఫీస్ 2024, చిన్నవాడికి చందా. మూడో కంప్యూటర్‌లో లిబ్రే ఆఫీస్ నేనే వేశాను, బాబాయికి చెప్పలేదు. ఆయన రోజూ దాంట్లోనే ఉత్తరాలు కొట్టిస్తున్నాడు.

కొన్నదానికి కంపెనీ దిక్కు ఎప్పటిదాకా అని అడిగాడు. 2029 అక్టోబర్ 9 అన్నాను. ఆ తర్వాతా తెరుచుకుంటుంది కానీ భద్రతకి కంపెనీ పూచీ ఉండదన్నాను. బాబాయి లేచి బీరువా తలుపు తీసి, లోపలివైపు ఇన్వర్టర్ బ్యాటరీ మార్చిన తేదీ కింద పెన్సిల్‌తో రాసుకున్నాడు: శాశ్వతం, 9-10-29 వరకు.