బ్రష్ గారి సర్వీసు రిజిస్టరు

టూత్‌బ్రష్ ఉన్నది పళ్ళు తోముకోవడానికేనన్న దుష్ప్రచారం చాలాకాలంగా సాగుతోంది. తెలుగు గృహస్థుల తరఫున దీన్ని ఖండించక తప్పడం లేదు. మన ఇళ్ళలో బ్రష్‌కు నోట్లో చేసే పని ప్రొబేషన్ మాత్రమే. అసలు ఉద్యోగం ఆ తర్వాతే మొదలవుతుంది.

సర్వీసు రిజిస్టరు తిరగేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పీచు రెండువైపులా విచ్చుకుని, పళ్ళకంటే చిగుళ్ళకే ఎక్కువ తగులుతున్న దశలో జుట్టుకు రంగు వేసే శాఖకు మొదటి బదిలీ. ఆదివారం పొద్దున్నే ఇంటి పెద్దాయన బనీను మీద పాత తువ్వాలు కప్పుకుని, సొట్ట గిన్నెలో కలిపిన నల్లరంగును ఆ బ్రష్‌తోనే మీసాలకు అద్దుకుంటారు. అక్కడ నల్లబడ్డాక కుట్టుమిషను బాబిన్ కేసులో పేరుకున్న నూలు తీయడానికి డెప్యుటేషన్. అటునుంచి దువ్వెనలకు. పాత శాఖతో బంధం పూర్తిగా తెగలేదు, ఇక్కడా తోమేది పళ్ళే. చివరి పోస్టింగు బండి చైను దగ్గర, గ్రీజులో. అది ఏజెన్సీ ఏరియా కింద లెక్క, అక్కణ్ణుంచి తిరిగొచ్చిన బ్రష్ లేదు.

పీచంతా రాలిపోయినా పదవీ విరమణ ఉండదు. పిడిని కాంట్రాక్టు పద్ధతిలో మళ్ళీ తీసుకుంటారు. లంగా బొందు లోపలికి జారిపోయిన రోజున ఇంట్లో ఎవరి విలువ ఎంతో తేలుతుంది. పాత బ్రష్‌లకు పిడి చివర ఒక కన్నం ఉండేది, బొందు కొస అందులో దూర్చి ముడేస్తే అటునుంచి ఇటు చిటికెలో వచ్చేసేది. ఇప్పుడొచ్చే బ్రష్‌లలో చాలావాటికి ఆ కన్నమే లేదు. పట్టు కోసం రబ్బరు, అందం కోసం వంపులు పెట్టారుగానీ, కోట్లాది బొందుల సంగతి ఎవరికీ పట్టలేదు. దీనిమీద అసెంబ్లీలో ఇంతవరకు ఒక్క ప్రశ్న కూడా పడకపోవడం మన ప్రజాస్వామ్యానికి మచ్చ.

ఈ నేపథ్యంలో దంతవైద్యులు మూడు నాలుగు నెలలకోసారి బ్రష్ మార్చాలంటున్నారు. మారిస్తే ఇంతమంది సిబ్బందిని ఎక్కడ సర్దుబాటు చేయాలో మాత్రం చెప్పరు.

వేపపుల్ల రోజుల్లో ఈ చిక్కు లేదు. కొసను నమిలి కుంచెలా చేసుకుని తోముకోవడం, అయ్యాక నిలువునా చీల్చి బద్దతో నాలుక గీసుకోవడం, పారేయడం. పూట ఉద్యోగం, పెన్షన్ లేదు. పడమటి దేశాల్లో బ్రష్‌లకు చాలాకాలం పంది వెంట్రుకలు వాడారు. 1938లో అమెరికాలో నైలాన్ పీచుతో చేసిన బ్రష్ మార్కెట్లోకి వచ్చింది. చావులేని పదార్థం చేతికొచ్చాక మన పొదుపరులు దాన్ని మూడు నెలలకే చంపుతారా?

కాబట్టి కొనేటప్పుడే ముందుచూపు ఉండాలి. షాపులో సాఫ్ట్, మీడియం, హార్డ్ అని మూడు రకాలు కనిపిస్తాయి. డాక్టర్లు సాఫ్ట్ వాడమంటారు. మన కొనుగోలుదారు ప్యాకెట్ మీద నుంచే బొటనవేలితో పీచును నొక్కి, అది వంగితే పెదవి విరుస్తాడు. ఇవాళ పళ్ళ మీదే వంగేది రేపు చైను దగ్గర ఏం నిలబడుతుంది? హార్డే కొంటాడు.

కొన్నాక దాని సత్తా చూపించాలి కదా. బ్రష్‌ను చిగురు అంచు దగ్గర నలభై అయిదు డిగ్రీల వాలులో పట్టుకుని, చిన్న చిన్న కదలికలతో మెల్లగా తోమాలని పుస్తకాల్లో ఉంటుంది. మనవాళ్ళు అడ్డంగా, మోచెయ్యి గోడకు తగిలేలా, మాడిన మూకుడు మీద కసి తీర్చుకున్నట్టు లాగుతారు. అలా కొన్నేళ్ళు సాగితే చిగురు కిందికి జారి, పంటి మొదట్లో వేలిగోరు తగులుకునేంత నొక్కు పడుతుంది. అప్పుడు మజ్జిగ తాగినా జివ్వుమంటుంది. దానికి పొటాషియం నైట్రేట్ కలిపిన సెన్సిటివ్ పేస్టు ఉంది, ధర మామూలు పేస్టుకన్నా బాగా ఎక్కువ. ఆ ఖరీదైన పేస్టును ఆ హార్డ్ బ్రష్ మీదే వేసుకుని, పూర్వం కంటే గట్టిగా తోముతారు. ఖరీదు రాబట్టుకోవాలిగా.

ఎంతసేపు తోమాలన్నదీ వివాదమే. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలని డాక్టర్ల లెక్క. రెండోసారి గురించి ఇక్కడ చర్చ అనవసరం, రాత్రి పళ్ళు తోముకుంటే మన చుట్టాలు ‘ఏమైనా ఊరెళ్తున్నారా?’ అని అడుగుతారు. ఇక పొద్దున ఆఫీసుకెళ్ళే కుర్రాడు ఇరవై సెకన్లలో ముగిస్తాడు. ఆ లోటును అతని బాబాయి పూడుస్తాడు. బ్రష్ నోట్లో పెట్టుకుని గేటు దాటి, ఎదురింటి శ్లాబు పని చూసి, పాలబ్బాయిని రెండు మాటలని, పెదవి కొసన నురుగు జారుతుండగా తలెత్తి ‘ఊఁ... గవర్మెంటు పడిపోతుందంటావా?’ అని ముగించేసరికి అరగంట. అందులో బ్రష్ కదిలింది ఎంతసేపో పాలబ్బాయే చెప్పాలి. ఇద్దరి సరాసరి తీస్తే ఇంటి సగటు అంతర్జాతీయ ప్రమాణాలను ఎప్పుడో దాటేసింది.

పేస్టు ఎంపికలో మాత్రం మన శాస్త్రీయ దృష్టిని మెచ్చుకోవాలి. ట్యూబు అడుగున ఉండే చిన్న రంగు గడిని ఫ్యామిలీ గ్రూపులో మావయ్యగారు ఎర్రగీత గీసి మరీ పెడతారు. పచ్చదైతే మూలికలు, నల్లదైతే కెమికల్సు అని. నిజానికి ట్యూబును ఎక్కడ కోసి అతికించాలో ప్యాకింగ్ మెషిన్‌కు చూపించే గుర్తు అది. మెషిన్ చదవాల్సింది మావయ్య చదువుతున్నారు. మనుషులు చదవాల్సిన ఫ్లోరైడ్ అంకె కూడా అక్కడే అచ్చయి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. మన దేశంలో పేస్టులో అది 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు, దాటకూడదని రూలు. తాగునీటికైతే హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములే. ఆ హద్దు దాటిన నీళ్ళు ఏం చేస్తాయో నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిన నడుములను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇందులో నవ్వడానికేమీ లేదు. పేస్టు పళ్ళ మీద ఉన్నంతసేపూ ఫ్లోరైడ్ మేలే చేస్తుంది, మింగితేనే పేచీ. అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపై ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలంటారు. ప్రకటనల్లో మాత్రం బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకు పేస్టు అల లేచి, కొస మెలి తిరిగి ఉంటుంది. ఆ అల బొమ్మ ఎవరిదన్న దానిమీద 2010లో అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు కోర్టుకెక్కాయి.

తోమాక ఉమ్మేసి ఊరుకోండి, నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుందని ఇంగ్లండు ఆరోగ్యశాఖ వారి సలహా. వాళ్ళకేం, ఎంగిలి పట్టింపు లేనివాళ్ళు. ఆ మాట మన నాయనమ్మ ముందు అనమనండి చూద్దాం. చెంబు ఖాళీ అయ్యేదాకా పుక్కిలించి, నాలుగిళ్ళకు వినపడేలా నాలుక గీసుకుంటే తప్ప కాఫీ గ్లాసు చేతికి రాదు.

పళ్ళ సందుల విషయంలో మనం స్వయంసమృద్ధం. 1815 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో లెవీ స్పియర్ పార్మ్లీ అనే దంతవైద్యుడు సందుల్లో పట్టుదారం లాగమన్నాడు. ధర్మవరం, పోచంపల్లి ఉన్న రాష్ట్రాలకు పట్టు గురించి ఒకరు చెప్పాలా? కానీ మాంసం పీచు ఇరుక్కున్నప్పుడు ఫంక్షన్ హాల్లో పట్టుచీర ఉన్నావిడ కూడా మెళ్ళో గొలుసుకున్న పిన్నీసే తీస్తుంది. పని కాగానే తుడిచి, పక్కావిడకు ఇస్తుంది.

ఎలక్ట్రిక్ బ్రష్ మన దగ్గర ఎందుకు నిలవదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. డాలస్ నుంచి అబ్బాయి తెచ్చాడు, గట్టిగా అదిమితే ఎర్రలైటు వెలిగే రకం. ఛార్జింగ్ అయిపోతోందనుకుని నాన్నగారు ఇంకాస్త అదిమారు. ఛార్జర్‌ను ఇక్కడి ప్లగ్గులో పెట్టగానే కాలిపోయింది, అది 110 వోల్టులది. ఇప్పుడది బీరువాలో సెంటుసీసాల పక్కన ఉంది. దాంతో చైను తోమలేరు, బొందు ఎక్కించలేరు.

అయితే మనకు మెత్తని బ్రష్ విలువ తెలియదనడం అన్యాయం. శ్రావణమాసం ముందు ఏ కిరాణా కొట్టు దగ్గరైనా నిలబడండి.

“బాబూ, సాఫ్ట్ బ్రష్ ఒకటివ్వు. బాగా మెత్తగా ఉండాలి సుమా.”

“పళ్ళు జివ్వుమంటున్నాయా అమ్మా?”

“పళ్ళకెందుకు? వెండి లక్ష్మీదేవికి. ఎంగిలి బ్రష్ పనికిరాదు, గట్టిదైతే గీతలు పడతాయి. ఆఁ, మీ అంకుల్‌కి కూడా ఒకటివ్వు, హార్డు.”