కిలో పాలిథిన్‌కు పదకొండు లీటర్ల మరుగునీళ్లు

పాల ప్యాకెట్టు, డ్రిప్ పైపు, మిర్చి తోటలో పరిచే మల్చింగ్ షీటు, మేడ మీద నల్లటి నీళ్ల ట్యాంకు... అన్నీ పాలిథిన్ సంతానమే. ఆ పాలిథిన్‌కు మూలమైన పెట్రోకెమికల్ కాంప్లెక్స్ మాట ఆంధ్రప్రదేశ్‌లో కొత్తది కాదు. రిఫైనరీతో కూడిన కాంప్లెక్స్‌ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులోనే రాశారు. 2024 డిసెంబరులో భారత్ పెట్రోలియం బోర్డు రాష్ట్రంలో ముందస్తు పనులకు ₹6,100 కోట్లు ఆమోదించింది. రామాయపట్నం పేరు గట్టిగా వినిపిస్తోంది. చర్చ మాత్రం ఎన్ని కోట్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అన్న దగ్గరే తిరుగుతోంది. లోపల జరిగే పనేమిటో అడిగేవాళ్లు తక్కువ. అక్కడ రాత్రింబవళ్లు జరిగేది ప్రధానంగా వేడిని తోడిపోయడం.

ఇథిలీన్ వాయువు. దాని అణువులోని జంట బంధం విడిపోయి, ఒకదానికొకటి గొలుసుగా అల్లుకుంటే పాలిథిన్ అవుతుంది. అల్లుకున్న ప్రతిసారీ వేడి పుడుతుంది. కిలో సరుకుకు సుమారు 800 కిలోకేలరీలు! పదకొండు లీటర్ల చన్నీళ్లు కాగి మరగడానికి ఆ వేడి చాలు. ఏడాదికి 4 లక్షల టన్నుల ప్లాంటంటే గంటకు 50 టన్నులు. అంటే ఈ అల్లిక జరిగే పాత్ర, రియాక్టరు నుంచి ఎడతెరిపి లేకుండా 46 మెగావాట్ల దాకా వేడిని లాగేస్తూ ఉండాలి. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత), ఎల్ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రతే, నిటారు గొలుసులు), హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత) అంటూ పాలిథిన్‌కు ఇన్ని పేర్లు, ఇన్ని రకాల రియాక్టర్లు ఉన్నా, ఏ డిజైన్ చూసినా ఈ వేడితో వేగే తీరులోనే తేడా కనబడుతుంది.

ముందు ఇథిలీన్ కావాలి. ముడిచమురు శుద్ధిలో వచ్చే నాఫ్తానో, సహజవాయువు నుంచి వేరుచేసే ఈథేన్‌నో నీటి ఆవిరితో కలిపి, 800–850 డిగ్రీల కొలిమి గొట్టాల్లోంచి అర సెకను కూడా నిలవనివ్వకుండా పంపితే విరిగి ఇథిలీన్ వస్తుంది. మిగిలిన ఈథేన్‌ను మళ్లీ మళ్లీ తిప్పితే 80 శాతం దాకా, నాఫ్తా నుంచి 30 శాతం అటూఇటూ. కేజీ డీ6 గ్యాస్ మన తీరంలోనే ఉందిగా అనుకోవచ్చు. అది దాదాపు అంతా మీథేనే, ఇలా విరగ్గొట్టే క్రాకర్‌ యూనిట్‌కు పనికిరాదు. రిఫైనరీని జతగా అడిగేది నాఫ్తా కోసమే. వచ్చిన ఇథిలీన్‌ను 99.9 శాతానికి పైగా శుద్ధి చేయాలి. ఎసిటిలీన్, తేమ, ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్లలో ఒకటి రెండు పాళ్లు కలిసినా, గొలుసు అల్లికను నడిపించే కేటలిస్ట్ నీరసిస్తుంది.

పాత పద్ధతి అధిక పీడనం. ఎల్‌డీపీఈ వచ్చేది ఇలాగే. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా దొరికిన దారి ఇది. కారు టైరులో గాలి పీడనం 2 బార్లు. ఇక్కడ 2,000 నుంచి 3,000 బార్లు. దళసరి ఉక్కు గొట్టం కిలోమీటరుకు పైగా పొడవుంటుంది. ఒక్క శాతం ఇథిలీన్ మారితే మిశ్రమం 12–13 డిగ్రీలు వేడెక్కుతుంది, అందుకే ఒక విడతలో మూడో వంతు మారినా గొప్పే. వేడి అదుపు తప్పితే ఇథిలీన్ కార్బన్, మీథేన్, హైడ్రోజన్‌లుగా విచ్ఛిన్నమవుతుంది. పీడనం ఎగదన్ని, మితిమీరితే పగిలేలా పెట్టిన పలక (రప్చర్ డిస్క్) చిట్లుతుంది, ఊరంతా కనిపించేలా నల్లటి మసి లేస్తుంది.

పాల ప్యాకెట్ ఫిల్ములో ఎక్కువగా వాడే ఎల్ఎల్‌డీపీఈని నేడు చాలాచోట్ల వాయుస్థితి పద్ధతిలో తీస్తారు. నిలువు పాత్రలో పాలిథిన్ పొడి పరుపు. కింది నుంచి సెకనుకు అర మీటరు పైచిలుకు వేగంతో గ్యాస్ ఊదితే పొడి అంతా ఎసరులా కుతకుతలాడుతుంది. పీడనం 20–25 బార్లు, ఉష్ణోగ్రత 80–110 డిగ్రీలు. ఒక విడతలో మారేది 2–5 శాతమే. మిగతా గ్యాస్ పైనుంచి వెళ్లి, కూలర్‌లో చల్లబడి, బ్లోయర్ ద్వారా మళ్లీ కిందికి వస్తుంది. ఐసోపెంటేన్‌ను ద్రవంగా కలిపి పంపితే లోపల ఆవిరై ఇంకాస్త వేడి లాగుతుంది. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడే కిటుకే ఇది.

ఇక్కడ తంటా స్థిరవిద్యుత్తుతో. సన్నటి పొడి, అందులోని చురుకైన కేటలిస్ట్‌తో సహా, గోడకు అంటుకుంటుంది. అక్కడ గ్యాస్ సరిగా ఆడదు, వేడి పోదు, పొడి కరిగి అట్ట కడుతుంది. ఆ అట్ట ఊడి కింద జల్లెడ పలక మీద పడితే సరుకు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. ఇక రియాక్టరు ఆపి, తెరిచి, అట్టలు కోసి తీయాల్సిందే. బ్లోయర్ ఆగిపోతే అంత సమయం కూడా ఉండదు. వెంటనే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కించి కేటలిస్ట్‌ను చంపేస్తారు. మామూలు రోజుల్లో రవ్వంత కూడా రానివ్వని విషమే ఆపద వేళ మందు.

హెచ్‌డీపీఈకి మరో దారి ఉంది: ఐసోబ్యూటేన్ ద్రవంలో ముద్దలా కలిపి, చుట్టూ నీళ్ల జాకెట్ ఉన్న గొట్టాల్లో గిరగిరా తిప్పడం. ఆ గొట్టాల అడుగున సరుకు దిగే 'కాలు' (సెట్లింగ్ లెగ్) అడ్డుపడితే శుభ్రం చేసే పని ఎంత ప్రమాదమో అమెరికాలోని టెక్సాస్, పసడేనాలో 1989 అక్టోబరు 23న తేలింది. వాల్వును తెరిచి మూసే గాలి గొట్టాలు తారుమారుగా బిగించారు. మూసి ఉందనుకున్న వాల్వు తెరుచుకుంది. దాదాపు 38 టన్నుల గ్యాస్ బయటపడి, రెండు నిమిషాల్లోపే పేలింది. 23 మంది చనిపోయారు.

తోడకుండా వదిలేసిన వేడి ఏం చేస్తుందో మనకూ తెలుసు. విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7న లీకైంది స్టైరీన్. ఇథిలీన్ కాదు, రియాక్టరూ కాదు, నిల్వ ట్యాంకు. జరిగిన రసాయన చర్య మాత్రం అదే కోవది. ట్యాంకు అడుగునే ఉష్ణోగ్రత చూశారు, పైపొరలు తమంతట తామే గొలుసు కడుతూ వేడెక్కాయి. 12 ప్రాణాలు పోయాయి.

రియాక్టరు దాటాక పని తేలిక. పొడిలో చిక్కిన హైడ్రోకార్బన్లను నైట్రోజన్‌తో తరిమి, యాంటీఆక్సిడెంట్ కలిపి, కరిగించి, నీళ్లలో గుళికలుగా కోసి, 25 కిలోల బస్తాల్లో నింపుతారు. గ్రేడు మార్చడమే ఖర్చు. హైడ్రోజన్ మోతాదు పెంచితే గొలుసులు పొట్టివవుతాయి, కరిగిన సరుకు సులువుగా పారుతుంది. 190 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువు కింద పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందన్నదే కొలత: ఫిల్ముకు 1–2, బకెట్లు పోయడానికి 8–20. పాత గ్రేడు పూర్తిగా పోయి కొత్తది కుదిరేదాకా గంటల తరబడి వచ్చేది ఆఫ్-గ్రేడ్. అదంతా తక్కువ ధరకు పోతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ టెంటు కింద ఎవరైనా అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడివే. కరెంటు పోతే బ్లోయర్ మాటేమిటి? రియాక్టర్‌ను చంపే వ్యవస్థను ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు? అన్నిటికన్నా ముందు ఇంకొకటి: పాలిథిన్ యూనిట్ ఆగినంత తేలిగ్గా క్రాకర్ ఆగదు. అప్పటికే వచ్చిపడుతున్న ఇథిలీన్‌ను మైనస్ 104 డిగ్రీల ట్యాంకులో ఎన్ని గంటల పాటు దాచగలరు? అది నిండితే మిగిలేది గ్యాస్‌ను తగలబెట్టే ఫ్లేర్ గొట్టమే. రాత్రంతా గర్జించే ఆ మంట ఏ ఊరి వైపు ఉంటుందో మ్యాపులో చూపించమనాలి.