తలుపు దాటితే ఓటు: ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అంకెల్ని ఎలా చదవాలి?

2015లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ చర్చలో శశి థరూర్ మాట్లాడిన వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొట్టినప్పుడు, బ్రిటనే తప్పు ఒప్పేసుకుందన్నంత హడావుడి జరిగింది. పాత వలస దేశాలకు బ్రిటన్ పరిహారం బాకీ ఉందన్న తీర్మానం 185–56తో నెగ్గిన మాట నిజమే. కానీ ఆ ఓట్లన్నీ కలిపితే 241. వేసింది ఆ పూట హాల్లో కూర్చున్న జనం. 1823లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ యూనియన్ చందా కట్టి చేరే డిబేటింగ్ క్లబ్బు. విశ్వవిద్యాలయంలో విభాగం కాదు, విద్యార్థి సంఘం అంతకన్నా కాదు. ఆ సంఘం వేరే ఉంది.

అక్కడ చర్చ ముగిశాక సభ్యులు లేచి బయటికి నడుస్తారు. 'అవును' అనేవాళ్లకు ఒక దారి, 'కాదు' అనేవాళ్లకు ఇంకో దారి. ఎటు దాటితే అదే ఓటు. వెస్ట్‌మిన్‌స్టర్‌లోని బ్రిటిష్ పార్లమెంటు వాసన ఇందులో ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఉపన్యాసం విని మనసు మార్చుకున్నవాడూ, ఇంటి దగ్గరే నిర్ణయించుకొని వచ్చినవాడూ ఒకే గుమ్మం దాటతారు. అంకె చూసి వాళ్లను విడదీయలేం.

అంతర్విశ్వవిద్యాలయ డిబేట్ పోటీల్లో ఈ గొడవ లేదు. బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో పక్షానికి రెండేసి చొప్పున నాలుగు జట్లు, ఎనిమిదిమంది వక్తలు, ఒక్కొక్కరికి 7 నిమిషాలు. అంశం 15 నిమిషాల ముందే తెలుస్తుంది, ఏ పక్షమో వాళ్ల చేతిలో ఉండదు. జడ్జీలు 3, 2, 1, 0 పాయింట్లతో ర్యాంకులిస్తారు. రెండో వరసలో మాట్లాడే జట్టు తన పక్షపు మొదటి జట్టు వాదననే తిరగేసి చెబితే, ఎంత ధాటిగా చెప్పినా వెనకబడిపోతుంది.

యూనియన్ ఓటును అపార్థం చేసుకోవడానికి 1933 ఫిబ్రవరి 9ని మించిన ఉదాహరణ లేదు. 'రాజు కోసం, దేశం కోసం ఈ సభ ఎట్టి పరిస్థితుల్లోనూ పోరాడదు' అన్న తీర్మానం 275–153తో నెగ్గింది. పత్రికలు భగ్గుమన్నాయి. ఓటుకొకటి చొప్పున 275 తెల్ల ఈకలు పెట్టెలో వచ్చిపడ్డాయి. తెల్ల ఈక అంటే అక్కడ పిరికిపందకిచ్చే బిరుదు. యూనియన్ చర్చల వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఆ పుటల్ని ఎవరో చించేశారు. తర్వాత విన్‌స్టన్ చర్చిల్ కొడుకు రాండాల్ఫ్, ఆ తీర్మానాన్ని రికార్డుల్లోంచే తీసేయాలని మార్చిలో ప్రతిపాదించి 138–750తో చిత్తయ్యాడు. ఈ 750 మందీ శాంతివాదులని అనుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే. బయటివాళ్లు వచ్చి మా పుస్తకం దిద్దడమేమిటన్న కోపం అందులో చాలానే ఉంది.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. అప్పటికి 1933 నాటి కుర్రాళ్లు చాలావరకు చదువు ముగించి వెళ్లిపోయారు, నిజమే. సైన్యంలో చేరతారా అని ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల్ని అడిగితే, అర్హులైన దాదాపు 3,000 మందిలో 2,632 మంది ముందుకొచ్చారు.