బస్సు ఎక్కడ ఆగాలో ఆకలే చెప్పేది

అమెరికా రహదారుల పక్కన నారింజ రంగు కప్పులతో వెలిగిన హోవర్డ్ జాన్సన్స్ రెస్టారెంట్లపై నేను చదివిన వ్యాసం బాగుంది. ఆఖరిది న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్‌లో 2022లో మూతపడింది. కానీ పెద్ద రోడ్లే వాటిని ముంచాయని అందులో అన్న మాట నాకు మింగుడుపడలేదు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ లాంటి పెద్ద టోల్ రోడ్లపై చోటు దక్కించుకునే కదా అవి పెరిగింది! చవకగా, క్షణాల్లో చేతికిచ్చే బర్గర్ దుకాణాలు గిరాకీ లాగేశాయంటే నమ్ముతాను.

మా చిత్తూరులో మాత్రం నిజంగా రోడ్డే దెబ్బకొట్టింది. బెంగళూరు బస్సులు ఊళ్లోంచి వెళ్లిన రోజుల్లో రోడ్డు పక్క హోటళ్లకు అర్ధరాత్రి కూడా తీరిక ఉండేది కాదు. డ్రైవరుకు, కండక్టరుకు భోజనం ఉచితం కాబట్టి, బస్సు ఎక్కడ ఆగాలో వాళ్ల ఆకలే నిర్ణయించేది, మన నాలుక కాదు. (సాంబారు చాలాచోట్ల నీళ్లే!) కాఫీకి మాత్రం వంక పెట్టలేం. ఇత్తడి ఫిల్టరులో దిగిన చిక్కటి డికాషన్‌లో మరిగే పాలు పోసి, డబరాలోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తున తిరగబోసేవారు. నురగ తగ్గకముందే కండక్టరు ఈల వేసేవాడు.

బైపాస్ వచ్చాక ఆ సందడి పోయింది. ఇప్పుడు తిరుపతి దారిలో కార్లు ఆగే పెద్ద రెస్టారెంట్లలో బొత్తాం నొక్కితే కాఫీ వస్తోంది. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటున్నాయి, అది ఒప్పుకోవాలి.