క్వినోవా: కడగకపోతే చేదు, మూడు విజిల్స్ పెడితే సంకటి

అన్నంలా వండుకునే చిన్న గింజ క్వినోవా గురించి విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "క్వినోవాలో పిండిపదార్థం ఉండదు, షుగర్ ఉన్నవాళ్ళు ఎంతైనా తినొచ్చు. పప్పు కంటే ప్రొటీన్ ఎక్కువ. కడగక్కర్లేదు. గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి మూడు విజిల్స్ రానిస్తే పది నిమిషాల్లో పులిహోర రెడీ." ఇదీ దాని సారాంశం. క్వినోవా మంచి తిండే. కానీ ఈ సందేశం నమ్మి వండితే గింజా పాడవుతుంది, ఒంటికీ మంచిది కాదు.

ముందు షుగర్ మాట, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. 100 గ్రాముల పచ్చి క్వినోవాలో పీచుతో కలిపి సుమారు 64 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. తెల్లబియ్యంలో 80 దాకా ఉంటుంది. తక్కువే, కానీ "ఉండదు" అనడం పచ్చి అబద్ధం. పీచు ఎక్కువ కాబట్టి రక్తంలో చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుంది, అంతే. పళ్ళెం నిండా పెట్టుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది. ఉడికిన క్వినోవా ఒక కప్పు, పక్కన కూర, పప్పు, మజ్జిగ ఉంటే పూటకి చాలు. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే ఎవరి ఒంటి సంగతి వాళ్ళకే తెలుస్తుంది.

పప్పుని మించిన ప్రొటీనా? క్వినోవాలో 14 గ్రాములు, కందిపప్పులో దాదాపు 22. ప్రొటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, ఒంటికి అవసరమైనవన్నీ క్వినోవాలో ఉంటాయన్నది నిజమే. బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది కాబట్టి పప్పన్నం కూడా ఆ పని చేస్తుంది. పప్పు మానేయకండి.

"కడగక్కర్లేదు" అన్న మాట వల్లే చాలామంది ఒక్కసారి వండి, చేదని ప్యాకెట్ పక్కన పడేస్తున్నారు. ఈ గింజ పైపొరలో సాపోనిన్లనే చేదు పదార్థాలు ఉంటాయి. కుంకుడుకాయకి నురగ తెచ్చేవీ అవే. శుభ్రం చేసి అమ్మిన గింజల్లో కూడా కొంత మిగలొచ్చు. గిన్నెలో నీళ్ళు పోసి అరచేతులతో రుద్దండి, నురగ రావడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు నీళ్ళు మార్చండి. బియ్యం వంచినట్టు వంచితే సగం గింజలు సింకులోకి పోతాయి, అంత చిన్నవి. టీ వడపోతలో గానీ పల్చటి బట్టలో గానీ వార్చండి.

ఇక నీళ్ళు. గ్లాసుకి రెండున్నర పోసి మూడు విజిల్స్ పెడితే వచ్చేది సంకటి, దానికి పులుపు పట్టినా పులిహోర కాదు. కడిగిన గింజల్ని మూకుడులో చెమ్మ ఆరి, కమ్మటి వాసన వచ్చేదాకా మూడు నాలుగు నిమిషాలు వేయించండి. గ్లాసుకి ఒకటీ ముప్పావు గ్లాసు నీళ్ళు. మరిగాక మూతపెట్టి సన్నసెగ మీద 12 నుంచి 14 నిమిషాలు. గింజ అద్దంలా మారి, అంచున తెల్లటి తోక విడివడితే ఉడికినట్టే. పొయ్యి కట్టేసి పది నిమిషాలు మూత తీయొద్దు, మిగిలిన తేమ గింజ లోపలికి పోయేది అప్పుడే. కుక్కర్‌లో అయితే గ్లాసుంబావు నీళ్ళు, ఒక్క విజిల్, ఆవిరి దానంతటదే దిగాలి. గ్లాసు గింజలు మూడు గ్లాసులవుతాయి.

వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టాకే పోపు కలపాలి, వేడిమీద కలియబెడితే ముద్దవుతుంది. రెండు చెంచాల నూనెలో వేరుశనగ గుళ్ళు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ, పసుపు వేస్తే చాలు. నిమ్మరసం పొయ్యి దించాక పిండండి. నిమ్మకాయ లేకపోతే ఇంట్లో ఉన్న గోంగూర పచ్చడే పులుపు: మూడు గ్లాసులకి రెండు పెద్ద చెంచాలు. అప్పుడు ఉడికించే నీళ్ళలో ఉప్పు వేయకండి, పోపులో నూనె సగం తగ్గించండి, పచ్చడిలో రెండూ ఉన్నాయి.

కడగడం, ఉడకడం, ఆరడం కలిపి నలభై నిమిషాల పని. పది నిమిషాల్లో కావాలంటే పొద్దున్నే ఉడికించి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. మూడు రోజుల దాకా వాడుకోవచ్చు. బెజవాడ ఎండల్లో బయట వదిలేస్తే మాత్రం అన్నంలాగే పాడవుతుంది, సాయంత్రానికి వాడొద్దు.