మహారాజరాజశ్రీ ఓమురైస్ గారికి

వేయించిన అన్నాన్ని ఆమ్లెట్టుతో కప్పి వడ్డించే జపాను వంటకమైన మహారాజరాజశ్రీ ఓమురైస్ గారి దివ్యసముఖమునకు, టోక్యో నగరం నిషికసాయిలో ఆరో అంతస్తు అద్దె ఇంట్లో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా నాన్‌స్టిక్ పెనం తప్ప ఇక్కడ అందరం క్షేమం. గడిచిన మూడు ఆదివారాల్లో తమరి నిమిత్తం మా ఇంట 24 గుడ్లు ఖర్చయ్యాయి గనుక, ఈ నాలుగు ముక్కలు రాసే హక్కు నాకుందని భావిస్తున్నాను.

ముందుగా తమరి పేరు సంగతి. అన్నమే ప్రాణమైన దేశంలో పుట్టి, అన్నానికి గోహన్ అనే చక్కని మాట ఉండగా, ఆమ్లెట్టులో సగం విరిచి దాని చివర ఇంగ్లీషువారి రైసును తగిలించుకున్నారేమిటని మొదట ఈసడించుకున్నాను. గిన్నెలో వడ్డిస్తే గోహన్ అనీ, అదే అన్నాన్ని పళ్లెంలో పెడితే రైసు అనీ అంటారని తరువాత తెలిసింది. ఇంట్లో తింటే భోజనమనీ హోటల్లో తింటే మీల్స్ అనీ పిలిచే జాతివాణ్ణి గనుక, ఆ అభియోగాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

నా అసలు ఫిర్యాదు తమరి నడవడిక గురించి. తమరు గొప్పింటి బిడ్డ కారు. టోక్యోలోని గింజా పేటలో 1895లో తెరిచిన రెంగాతేయ్ హోటలు వంటశాలలో, కూర్చొని తినే తీరిక లేని వంటవాళ్లు పని మధ్యలో చెంచాతో నాలుగు ముద్దలు మింగడానికి సొనలో అన్నం కలిపి వేయించుకున్న తిండే తమరి తొలి అవతారమని ఒక కథ. ఒసాకావారి కథ వేరు. 1925లో, కడుపు బాగుండక రోజూ ఆమ్లెట్టూ తెల్లన్నమూ మాత్రమే అడిగే ఒకాయనను చూసి జాలిపడిన యజమాని, ఎప్పుడూ అదే తింటే మొహం మొత్తదా అని, కెచప్‌తో వేయించిన అన్నాన్ని పలుచని అట్టులో చుట్టి పెట్టాడట. ఆ హోటలు ఇప్పటి పేరు హొక్క్యోకుసేయ్, అనగా ధ్రువనక్షత్రం. ఎవరు ముందన్న తగువులో నేను తలదూర్చను. ఏ కథ నిజమైనా, తమరు తీరిక లేనివాడి కోసమో, అరగనివాడి కోసమో పుట్టారు. ఆ లెక్కన మా చారన్నానికి దగ్గరి చుట్టమే.

అటువంటి తమరు, ఇతామి జూజో తీసిన 1985 నాటి సినిమాలో టోక్యో నిహోన్‌బషిలోని తైమేకెన్ హోటలు వారి చేతివాటంతో తెరకెక్కిన తరువాత, మామూలుగా పళ్లెంలోకి రావడం నామోషీగా భావించసాగారు. ఇప్పుడు తమరిని అన్నం గుట్ట మీద దిండులా పడుకోబెట్టి, వీపు మీద కత్తితో నిలువుగా గీయాలి. గీసీగీయగానే తమరు రెండు పక్కలకూ విచ్చుకొని, మీగడలాంటి లోపలి సొనతో గుట్టనంతా కప్పివేయాలి. క్యోటోలోని కిచికిచి హోటల్లో ఈ విద్య ప్రదర్శించే వీడియోను లెక్కలేనన్ని సార్లు చూసి, చూసినంత తేలికగా చేయవచ్చుననుకోవడం నా మొదటి తప్పు. రాత్రి మిగిలిన సోనా మసూరిని దానికి వాడడం రెండవది. పొడిపొడిగా ఉండడమే అన్నానికి మర్యాద అని నమ్మే ఆ గింజలు, గుట్టగా నిలబడమంటే ఎవరి దారి వారు చూసుకున్నాయి.

అయినా విధానంలో లోపం చేయలేదు. మూడు గుడ్లు గిలకొట్టి, తెల్లసొన తీగలు మిగలకుండా వడగట్టాను. వెన్న నురగ కట్టగానే సొన పోసి, ఎడమ చేత్తో పెనాన్ని ఊపుతూ, కుడి చేత్తో చాప్‌స్టిక్‌లతో గబగబా కలిపాను. తరువాత పెనాన్ని ముందుకు వంచి, పిడి మీద పిడికిలితో టకటకా కొడితే ఆమ్లెట్టు తనంత తానే దొర్లాలి. నేను కొట్టాను. అది దొర్లలేదు, ఆలోచించింది. గుడ్డు 60 డిగ్రీలు దాటాక బిగియడం మొదలుపెట్టి 80కి చేరేలోగా గట్టిపడిపోతుంది. వేడి పెనం మీద ఆ వ్యవధి నాలుగు ఊపిరులకు మించదు గనుక, దాని ఆలోచన తెమిలేసరికి నా గడువు ముగిసింది. కత్తి పెట్టి గీస్తే విచ్చుకోవడానికి లోపల ఏమీ లేదు. చాకలిమూట కోసినట్టయింది.

రెండో ఆదివారం ఇక్కడి జిగురు బియ్యమే వండి, కెచప్‌ను ముందుగా వేయించి నీరు ఇంకాకే అన్నం కలిపాను. ఆ రోజు, నా ప్రతిభ వల్ల మాత్రం కాదు, తమరు విచ్చుకున్నారు. మూడు నెలల కోసం తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కళ్లద్దాలు సర్దుకొని చూసి, “ఒరే, ఇది పచ్చిగానే ఉందిరా, ఇంకోసారి పెనం మీద వెయ్యి” అంది. ఈ దేశంలో గుడ్ల పెట్టె మీద ముద్రించే తేదీ పచ్చిగా తినడానికి ఇచ్చే గడువే సుమా అని వివరించాను. “తేదీ వేస్తే నీచు వాసన పోతుందా?” అని పళ్లెం పట్టుకెళ్లి, తమరిని మూకుట్లో బోర్లించి, మిరియాలపొడి చల్లి, అట్లకాడతో పొడిచి పొడిచి ఎగ్ రైస్ చేసి తెచ్చింది. ముగ్గురం మాట్లాడకుండా తిన్నాం. అది ఎలా ఉందో తమరికి చెప్పడానికి మొహమాటంగా ఉంది.

అందుచేత నిన్న ఒసాకా రోగి దారినే పట్టాను. మనిషికి రెండే గుడ్లు, పలుచని అట్టు, నడుమ అన్నం, అంచులు మడిచి పళ్లెంలోకి బోర్లింపు. పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచే ఇంట పుట్టినవాడికి ఇది కొత్త విద్య కాదు. తమరూ బెట్టు చేయలేదు. అమ్మ వాసన చూసి, ఏమీ అనకుండా చెంచా అందుకుంది.

మీ ఊరి ఆచారం ప్రకారం పైన కెచప్‌తో పేరు రాస్తానని మా ఆవిడ సీసా తీసుకొని, అమ్మ పళ్లెంలో “అత్తయ్య” అని ఎంతో శ్రద్ధగా రాసింది. నాలుగు గీతలతో పని జరిగిపోయే జపాను లిపి కటకనాకు తమరి వీపు చాలునేమో గాని, కిందికి వేలాడే మా అక్షరాలకు చాలలేదు. తకారం ఒత్తు, దాని వెనుకే యకారం ఒత్తు, వేడి అట్టు వాలులో జారి పళ్లెంలో పడ్డాయి. అమ్మ కళ్లద్దాలు సర్దుకొని, “ఈ అతయ ఎవరే అమ్మాయీ?” అని అడిగింది.

కావున తమరు దయతో వీపును మరో రెండంగుళాలు వెడల్పు చేసుకొని, మా ఒత్తులకు చోటు కల్పించగలరని ప్రార్థన.

చిత్తగించవలెను.