గురి తప్పిన తూటాకి సన్మానపత్రం

నియంతల భద్రత గురించి జనానికి చాలా అపోహలున్నాయి. బలగాలు, బారికేడ్లు, ముందో నాలుగు కార్లు, వెనకో నాలుగు కార్లు... ఇవన్నీ దండగ. గురి కుదరని కుర్రాడు ఒక్కడు దొరికితే చాలు, దాదాపు 17 ఏళ్లు ఢోకా ఉండదు.

1926 అక్టోబర్ 31, ఇటలీలోని బొలోన్యా. ఉత్సవాలు ముగించుకుని ముస్సోలినీ ఓపెన్ టాప్ కారులో స్టేషన్‌కి బయల్దేరాడు. స్టీరింగ్ పట్టింది ఊరి ఫాసిస్టు నాయకుడు అర్పినాతి. ఈయన ఒకప్పటి అరాచకవాది, తర్వాత కండువా మార్చాడు. (ఆ కళ మన సొంతమేం కాదు.) జనంలోంచి పిస్తోలు పేలింది. తూటా ముస్సోలినీ ఛాతీ మీది పట్టీని చించుకుంటూ పోయింది. ప్రభుత్వ పక్షాన చెప్పుకోదగ్గ నష్టం ఆ గుడ్డముక్కే.

కాల్చింది ఆంతియో జాంబోనీ అన్నారు. వయసు 15. దర్యాప్తు అక్కడికక్కడే పూర్తయింది: నల్లచొక్కాలవాళ్లు (ముస్సోలినీ ఫాసిస్టు దళాలు) పొడిచి, గొంతు నులిమి చంపేశారు. వెనకెవరున్నారు, అసలు కాల్చింది వీడేనా లాంటి ప్రశ్నలకి ఇక చోటు లేదు. పనిలేని చరిత్రకారులు మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఆపైన చట్టం తన పని తాను చేసుకుపోయింది. పేలింది పిస్తోలు కాబట్టి ప్రతిపక్ష పత్రికల్ని మూయించారు. దొరికినవాడు ఆ ఊరివాడే కాబట్టి దేశమంతటా పాస్‌పోర్టులు రద్దు చేశారు. వాడికి ఓటు హక్కు కూడా లేదు కాబట్టి ప్రతిపక్ష పార్టీల్నే ఎత్తేశారు. నవంబర్ 8న కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీని, పార్లమెంటు సభ్యుడని కూడా చూడకుండా, జైల్లో వేశారు. మర్నాడు వందమందికి పైగా ప్రతిపక్ష సభ్యుల పదవులు ఊడాయి. 1889 నాటి శిక్షాస్మృతి వదిలేసిన మరణశిక్ష ఆ నెలాఖరుకల్లా తిరిగొచ్చింది. నెల తిరక్కుండా ఇన్ని కాగితాలు ఎలా తయారయ్యాయని అడిగేవాళ్లకి గుమాస్తాల కష్టం తెలియదు.

నిజానికి ఏడాది తిరక్కుండా ఇది నాలుగో ప్రయత్నం. మొదటివాడు ట్రిగ్గర్ దాకా పోకుండానే దొరికాడు. ఏప్రిల్‌లో వయొలెట్ గిబ్సన్ కాల్చిన తూటా ముక్కు గీరింది. సెప్టెంబర్‌లో లుచెట్టి బాంబు కారుకి తగిలి ఎగిరి రోడ్డున పడి, దారినపోయేవాళ్లని గాయపరిచింది. వీళ్లెవరికీ గురి కుదరలేదు గానీ, ప్రభుత్వానికి ప్రతిసారీ ఇంకాస్త కుదిరింది.

అన్నీ బాగానే ఉన్నా, రాజకీయ నేరాల విచారణకని కొత్తగా పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునల్‌కి శిక్షించడానికి ముద్దాయి లేడు. దాంతో 1928లో కుర్రాడి తండ్రికీ, తల్లి తోబుట్టువుకీ చెరో 30 ఏళ్లు వేశారు. బంధుత్వం మాత్రం నిస్సందేహంగా రుజువైంది. 1932లో ఏలినవారు దయతలచి ఇద్దర్నీ వదిలేశారు. ట్రిబ్యునల్‌ని వదల్లేదు, దానికింకా 11 ఏళ్ల పని మిగిలుంది.